ముందు చేరేవాడు

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ఇంకా కనిపించకముందే బస్సు ఆగిపోయింది. ఆగగానే ముత్తమ్మకు సంతోషం కలిగింది. అది సంతోషమేనని తెలిసేసరికి సిగ్గేసి కొంగుతో మొహం తుడుచుకుంది, పక్క సీటావిడ కనిపెట్టిందేమోనని ఓరకంట చూసింది కూడా. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి ముందేం జరుగుతోందో చూస్తోంది. ముందు పొగ లేస్తోంది. బస్సు తగలబెట్టారని ఎవరో కేక వేశారు గానీ అది పొయ్యిల పొగ. నడిరోడ్డు మీద రాళ్లు పేర్చి, కట్టెలు ఎగదోసి, పెళ్లిళ్లలో వాడే పెద్ద గిన్నెలు ఎక్కించి ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి వండుతున్నారు, వాళ్ల వెనక డప్పులు, జై తెలంగాణ అన్న అరుపులు. కండక్టరు దిగి చూసొచ్చి మెట్టు మీద నిలబడ్డాడు. "అయిపాయె. ఇగ కదలదు. వంటావార్పు అంట. పొద్దుగూకేదాంక గింతే. మలక్‌పేట పోయేటోళ్లు దిగి నడుసుడే నయం, బిరబిర నడిస్తే ఎంతసేపు?" సగం బస్సు దిగిపోయింది. ముత్తమ్మ దిగలేదు. మలక్‌పేట సర్కారు దవాఖానలో ఆమెను వదిలిపోయిన మొగుడు కోదండం చావడానికి సిద్ధంగా ఉన్నాడు, ఆమె కోసం చూస్తున్నాడు. ఆమె కాళ్లకు ఏ రోగమూ లేదు. సరూర్‌నగర్‌లో ఉన్న కిరాయి గది నుంచి చీరలకు ఫాల్ కుట్టే దుకాణానికి రోజూ నడిచి వెళ్లి నడిచి వచ్చే మనిషే. అయినా చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, కాళ్లు దగ్గరికి ముడుచుకుని, ఇంకా హాయిగా కూర్చుంది. నేనేం ఆపలేదు కదా బస్సును, అనుకుంది. వాళ్లు ఆపారు. వాళ్లను ఆపమన్నది ఎవరో ఆయనకే తెలియాలి.

ఆయన అంటే దేవుడు. పొద్దున ఎల్బీనగర్‌లో, బట్టల దుకాణం మీది అంతస్తులో ఉన్న వాళ్ల ప్రార్థన మందిరంలో అయ్యగారు రామారావు గారు కళ్లు మూసుకుని మన రాష్ట్రం కోసం ప్రార్థన చేద్దాం అంటే, వెనక వరసలోంచి ఎవరో ఏ రాష్ట్రం అయ్యగారూ అన్నారు, కొందరు నవ్వారు, కొందరు తల దించుకున్నారు. ఈ మధ్య మందిరంలోనూ గుంటూరు వాళ్లు ఒక పక్క, ఇక్కడివాళ్లు ఒక పక్క కూర్చుంటున్నారు, నడుమ చాప ఖాళీగా కనిపిస్తోంది, దాన్ని ఊడ్చేది ముత్తమ్మే కాబట్టి ఆమెకు ఇంకా బాగా కనిపిస్తోంది. నవ్వినవాళ్లలో ముత్తమ్మ లేదు, తల దించుకున్నవాళ్లలోనూ లేదు. ఆమె చెవిలో ఇంకా ఆ ఫోనే మోగుతోంది. తెల్లవారగానే వచ్చిన ఫోను, అంతకుముందు ఎన్నడూ వినని గొంతు. "అక్కా, నేను నాగేశ్వరిని. నాదర్‌గుల్ నాగేశ్వరిని." ఎవరు అంటే, "కోదండం ఇంట్ల ఉండేదాన్ని" అంది. పెండ్లాన్ని అనలేదు. ఇరవై ఏళ్లు కాపురం చేసినా ఆ మాట ముత్తమ్మ దగ్గర అనలేకపోయింది, ఆ భయం చాలు అనుకుంది ముత్తమ్మ అప్పుడు, ఆ మాత్రం భయం ఉంచుకుంది, నయమే. "లివర్ మొత్తం పాడైందక్కా. ఇయ్యాలో రేపో అంటున్నరు. నిన్ను పిలువమని ఒక్కటే పోరు. నువ్వు ఏసుల కలిసినవని ఎవరో చెప్పిన్రంట. నువ్వొచ్చి జర ప్రార్థన చేస్తే, తనకు గూడ మాఫీ ఉంటదా అని అడుగుతున్నడు."

మాఫీ. బర్రెకు గడ్డి అడిగినట్టు అడిగాడు. అయ్యగారికి చెప్పింది, ఆయన వద్దంటాడేమోనన్న ఆశతోనే చెప్పింది, కనీసం నేనే వెళ్లి చూసుకుంటాలే అంటాడేమోనని. ఆయన మొహం వెలిగిపోయింది. చూశావా అమ్మా ఆయన కార్యం, ఇరవై ఏళ్ల నీ కన్నీళ్లు వృథా పోలేదు, అన్నాడు. తన కన్నీళ్లు దేనికో ఆయనకు ఎప్పుడైనా తెలిస్తే కదా. "నేను రాకూడదమ్మా ఇవాళ, రోడ్ల మీద గొడవగా ఉంది. నోరు తెరిస్తే చాలు, నేనెక్కడివాణ్ణో తెలిసిపోతుంది. నువ్వే వెళ్లు. ప్రభువు నీ చేత చెప్పించాలనుకుంటున్నాడు." ముత్తమ్మ నిలబడిపోయింది. మెల్లగా అడిగింది. "అయ్యగారూ, గాయన గూడ పరలోకంల ఉంటడా?"

"ఆఖరి శ్వాసలో అడిగినా ఉంటాడు."

"ఎప్పుడు?"

"ఎప్పుడేంటమ్మా, కన్ను మూసిన మరుక్షణమే," అన్నాడు అయ్యగారు, కానుక చేతిలో పెడుతున్నంత ఆనందంగా. "సిలువ మీద తన పక్కనున్న దొంగకు ప్రభువు ఏమని మాటిచ్చాడు? ఇవాళే నాతో ఉంటావు అన్నాడా లేదా?" తర్వాత చిన్న సీసాలో నూనె పోసి, దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి ఇచ్చాడు, నుదుట రాసి పాపం ఒప్పించి క్షమాపణ అడిగించు, అంతే, పెద్ద పనేం కాదు, అన్నాడు.

పెద్ద పనేం కాదు. బయట మైకు పట్టుకున్నాడెవడో, గొంతు బొంగురుపోయి ఉంది, ఎన్ని రోజులుగా అరుస్తున్నాడో పాపం. అరవై తొమ్మిదిలో తుపాకులకు ఎదురుపోయిన పిల్లల్ని మరువం అంటున్నాడు, జనం మరువం అంటున్నారు. ఒంటికి నిప్పంటించుకున్న పిల్లల్ని మరువం. మరువం. మోసం చేసినోళ్లను మన్నించం. మన్నించం. ముత్తమ్మకు వాళ్లను చూస్తే కుళ్లు పుట్టింది. వీళ్లను ఎవరూ అడగరు, మన్నించారా లేదా అని. వీళ్లు ఎండలో కూర్చుని, కట్టెల పొయ్యి ఊదుకుంటూ, పగను నోరారా పాడుకుంటారు, డప్పు కొట్టుకుంటారు, అది పాపం కాదు, పౌరుషం. తనకు డప్పు లేదు. తను మరవలేదని చెప్పుకోవడానికి కూడా లేదు, ఎందుకంటే ఆదివారం ఆదివారం అందరితో కలిసి లేచి నిలబడి, ప్రభువు నేర్పిన ప్రార్థనలో మా రుణస్థులను మేము క్షమించినట్టు అని పైకి అనాల్సిందే. ఆ మాట వచ్చేసరికి ముత్తమ్మ దగ్గేది. ఇన్నేళ్లలో ఎవరూ గమనించలేదు, ప్రతి వారం సరిగ్గా ఆ మాట దగ్గరే ఈమెకు దగ్గెందుకు వస్తుందని.

కోదండం చెడ్డవాడు కాదు మొదట్లో. ఇద్దరిదీ పోచంపల్లి దగ్గర మగ్గాల పల్లె, మగ్గం మీద కూర్చుంటే కడుపు నిండదని దిల్‌సుఖ్‌నగర్‌కు వచ్చి, చీరల సేటు దగ్గర ట్రాలీ ఆటో నడిపాడు. చీరల మూటలు దింపి వచ్చేటప్పుడు కొత్త బట్ట వాసన వచ్చేది ఆయన ఒంటి నుంచి, తర్వాత తర్వాత సారా వాసన. తాగినా కొట్టేవాడు కాదు, అదొక గొప్ప, నవ్వేవాడు, పాటలు పాడేవాడు, పిల్లను భుజాల మీద ఎక్కించుకుని గల్లీ అంతా తిరిగేవాడు. పిల్లకు ఆయనంటే ప్రాణం. రజిత. కడుపు చించుకుని కన్నది తను, రాత్రుళ్లు మేలుకున్నది తను, చదువుకోమని వెంటపడ్డది, పేలు చూసింది, అన్నం ముద్దలు నోట్లో కుక్కింది తను, అది మాత్రం ఆటో చప్పుడు వినబడితే చాలు చేతిలోది ఎక్కడిదక్కడ పారేసి నాయినా అని ఉరికేది. ఒక్కసారి కూడా తన కోసం అట్లా ఉరకలేదు. ఉరకాల్సిన అవసరం ఏముంది, తనెప్పుడూ ఇంట్లోనే ఉండేది, గోడలాగా. ఉరకడానికి దూరం నుంచి వచ్చేవాడు ఒకడుండాలి, ఆ అదృష్టం ఆయనది. దానికి విమానాల పిచ్చి పట్టించింది కూడా ఆయనే. నాదర్‌గుల్ మైదానంలో విమానం నడపడం నేర్చుకునేవాళ్లు చిన్న చిన్న విమానాలు తిప్పుతుంటారు, అవి అప్పుడు వీళ్లుండే మూసారంబాగ్ మీదుగా పోతుంటే పిల్ల డాబా మీద నిలబడి చెయ్యి ఊపేది, నన్ను చూసిండు అమ్మా, లోపలున్నాయన నన్నే చూసిండు అనేది. చూడలేదే పిచ్చిదానా, గంతెత్తుల ఉన్నోనికి నువ్వేం కనబడ్తవే, అనేది తను. ఆ మాట ఎందుకన్నానా అని ముత్తమ్మ ఇప్పటికీ అనుకుంటుంది. చూశాడని అంటే ఏం పోయేది?

ఆ రోజు మధ్యాహ్నం బడి లేదు. పీట మీద కూర్చోబెట్టి జడలు వేస్తోంది. ఒక జడ అయింది, రెండోదానికి పాయ తీస్తుంటే బయట ఆటో హారను. పిల్ల లేచింది. ఆగవే అంటే ఆగలేదు, నాయిన విమానాలకాడికి తీస్కపోతడంట అని ఉరికింది, సగం తల జడ, సగం తల విరబోసుకుని. గుమ్మం దాకా వెళ్లి చూస్తే కోదండం నవ్వుతున్నాడు. కళ్లు చూడగానే తెలిసింది, తాగి ఉన్నాడని. పట్టపగలు. వద్దు, దింపు పిల్లను అంది. ఏం కాదు తియ్యే, గిట్ల పోయి గట్లొస్తం అన్నాడు. పిల్ల వెనక్కి కూడా చూడలేదు. అది పోవాలనుకుంది, తను ఆపాలనుకుంది, ఆయన తీసుకుపోయాడు. ఇంతే జరిగింది. వచ్చేటప్పుడు ట్రాలీ బోల్తా కొట్టింది. పిల్ల అక్కడికక్కడే పోయిందన్నారు పోలీసులు. ఆయన లేడు. పిల్లను రోడ్డు పక్కన పడుకోబెట్టి, పైన తువాలు కప్పి, పారిపోయాడు. కప్పాడు చూడు, ఆ తువాలు గురించి కూడా ఎవరో మెచ్చుకోలుగా చెప్పారు, పాపం కప్పి పోయిండమ్మా అని. దవాఖానలో ఆ చల్లని గదిలో, కాపలావాడు ఇగ చాలమ్మా పదమంటున్నా కదలకుండా, ముత్తమ్మ రెండో జడ వేసింది. చిక్కులు పడ్డ జుట్టును లాగితే నొప్పి పుడుతుందని మెల్లగా, వేళ్లతోనే విడదీస్తూ వేసింది. మట్టిలో పెట్టేటప్పుడు కోదండం రాలేదు. కేసు ఎటో పోయింది. తర్వాత కొన్నాళ్లకు తెలిసింది, నాదర్‌గుల్ అవతలే ఎవరింట్లోనో ఉంటున్నాడని, ఎవరో ఆడమనిషి చేరదీసిందని. తిరగడానికి ప్రపంచంలో ఇంకో ఊరే దొరకనట్టు ఆ రోడ్డు మీదే.

పక్క సీటావిడ కదిలింది. "అమ్మా, నీ సంచిల ఫోన్ మోగుతున్నది." ముత్తమ్మ తీసి చూసింది. పొద్దుటి నంబరే. మోగనిచ్చింది. అరచేతిలో అది ఈగలాగా కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చుంది. "ఎత్తవా?" అందావిడ. "గది రాంగ్ నంబరు," అంది ముత్తమ్మ. ఆగిపోయింది. మళ్లీ మోగింది. మళ్లీ ఆగిపోయింది. సంచిలో వేసేసి, కొంగు దాని మీదికి లాగింది.

పోనీ. ఇన్నాళ్లు ఆగినవాడు ఇంకాసేపు ఆగలేడా? తనను ప్రభువు దగ్గరికి తెచ్చింది పాపాలేమీ కాదు. అయ్యగారి భార్య ఇందిరాదేవి గారు అప్పుడు వీళ్ల గల్లీలోనే కిరాయికుండేవారు. పిల్ల పోయాక ముత్తమ్మ పొయ్యి వెలిగించడం మానేస్తే, రోజూ గిన్నెలో అన్నం తెచ్చి పక్కన కూర్చునేవారు, ఏమీ మాట్లాడేవారు కాదు. ఒకరోజు మాత్రం, మీ పాప ఆయన దగ్గర ఉందమ్మా, నువ్వు మళ్లీ చూస్తావు, అన్నారు. చుట్టాలందరూ నీ రాత అన్నారు, పోయిన జన్మ అన్నారు, ఇంకో పిల్లను కనమన్నారు. చూస్తావు అన్నది ఈమె ఒక్కతే. ముత్తమ్మ ఒక్కటే అడిగింది. "నన్ను గుర్తుపడ్తదా?" పడుతుంది అన్నారామె, ఏమాత్రం తడుముకోకుండా. ఆ ఒక్క మాట కోసం బాప్తిస్మం నీళ్లలో మునిగింది. నుదుటి బొట్టు తీసేసింది, పుట్టింటివాళ్లు గుమ్మం ఎక్కనివ్వకపోతే పోనీ అనుకుంది. మందిరంలో పక్కవాళ్లు తమ పాపాలు తలుచుకుని గుండెలు బాదుకుని ఏడుస్తుంటే తనూ ఏడ్చేది, వాళ్లకంటే గట్టిగా, అయ్యగారు ఆమెను చూపించి విరిగిన హృదయం అంటే ఇదీ అనేవాడు. ఆమెకు పాపాలేం గుర్తొచ్చేవి కావు. ఆమెకు పిల్ల కావాలి. అందుకే ఊడ్చింది, చాపలు పరిచింది, శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉంది, జ్వరమొచ్చినా వెళ్లింది, నోటికి పచ్చి మాట రానివ్వలేదు, మళ్లీ పెళ్లి అన్నవాణ్ణి గుమ్మంలోంచే పంపేసింది. ఒక్కొక్క రోజూ ఒక్కొక్క అడుగు వేసుకుంటూ పిల్ల దగ్గరికి నడుస్తున్నాననుకుంది. నడిచేవాళ్లు నడుస్తుంటే తాగుబోతు ట్రాలీ వేసుకుని పక్కనించి దుమ్ము లేపుకుంటూ పోయినట్టు, ఇవాళ పోతాడట కోదండం. ఇవాళే. కన్ను మూసిన మరుక్షణమే. తన కంటే ముందు.

కళ్లు మూసుకుంటే కనిపిస్తోంది. అక్కడి గుమ్మం ఎట్లా ఉంటుందో వాక్యంలో ముత్యాలని రాసి ఉంది గానీ ఆమెకు ఎప్పుడూ సైదాబాద్‌లో పిల్ల చదివిన బడి గేటు లాగానే తోస్తుంది, ఆకుపచ్చ రంగు, పెచ్చులూడి. దాని లోపల పిల్ల ఆడుకుంటోంది. బయట కోదండం వచ్చి నిలబడ్డాడు. కడిగేసినట్టు ఉన్నాడు, తెల్లగా, వాసన లేకుండా, పెళ్లినాటి మొహం. పిల్ల చూసింది. చేతిలోది పారేసింది. నాయినా అని ఉరికింది. ఎవరూ ఆపరు. ఈయన వల్లనే నువ్విక్కడున్నవే బిడ్డా అని ఎవరూ దాని చెవిలో చెప్పరు, అక్కడ అట్లాంటివి చెప్పరట, అన్నీ తుడిచేస్తారట. భుజాల మీద ఎక్కించుకుంటాడు. విమానాలు లేకపోతే ఏం, చూపించడానికి అక్కడ ఇంకేవో ఉంటాయి. ఎన్నేళ్లకో తను పోతుంది, నెరిసిన తల, ఫాల్ కుట్టీ కుట్టీ వంగిన వేళ్లు, గేటు దగ్గర నిలబడుతుంది. పిల్ల ఆయన భుజాల మీంచి కిందికి చూస్తుంది, ఎవరో చుట్టాలావిడను చూసినట్టు. ఎవరు నాయినా అంటుంది. గుర్తుపడుతుంది సరే, గుర్తుపట్టినంత మాత్రాన ఉరికొస్తుందా? ద్రాక్షతోటలో పొద్దున్నించి ఎండలో పనిచేసినవాళ్లకూ సాయంత్రం వచ్చి గంపెత్తినవాడికీ ఒకే కూలి ఇచ్చాడట యజమాని, పొద్దున వచ్చినవాళ్లు గొణిగారట. అయ్యగారు ఆ కథ చెప్పినప్పుడల్లా గొణిగినవాళ్లను తిట్టేవాడు, అసూయ అనేవాడు. వాళ్ల పిల్లను ఆ సాయంత్రం వచ్చినవాడు చంపాడా అయ్యగారూ, అని అడగాలనిపించేది ఆమెకు.

"దవాఖానకు పోయేటోళ్లెవరన్న ఉన్నరా?"

బస్సు మెట్టెక్కి ఒకావిడ అరుస్తోంది. తన ఈడుదే, మెడలో గులాబీ రంగు కండువా, చేతిలో పప్పు కారుతున్న గరిటె, పొగకు ఎర్రబడ్డ కళ్లు. "దవాఖానకు పోయేటోళ్లుంటే చెప్పుండ్రి. బండ్లు పెట్టినం, మలక్‌పేట దాంక దింపుతం. గదొక్కటి ఆపం మేము." వెనక సీట్లో కంటికి కట్టు కట్టుకున్న ముసలాయన చెయ్యెత్తాడు. ఆవిడ గరిటె కండక్టరు చేతిలో పెట్టి, ఆయన రెక్క పట్టుకుని మెల్లగా దింపింది, కింద ఎవరి బండి మీదనో కూర్చోబెట్టి, పట్టుకో తాతా గట్టిగ పట్టుకో అంది. మళ్లీ మెట్టెక్కింది. చూపు ముత్తమ్మ మీద, ఆమె తెల్ల చీర మీద, బొట్టు లేని నుదురు మీద ఆగింది. "అక్కా, నువ్వు? మొకమంత పీక్కపోయింది. దవాఖానకేనా?"

ఒక్క మాట. అవును అంటే చాలు. నోరు తెరవక్కర్లేదు కూడా, తల ఊపితే చాలు. "కాదు," అంది ముత్తమ్మ. "చుట్టాలింటికి." పక్క సీటావిడ తిరిగి చూసింది. ఎక్కినప్పుడు టికెట్టు తీసుకుంటూ దవాఖాన స్టాపు అని అడగడం విని ఉంటుంది. గరిటె ఆవిడ దిగిపోయి, కాసేపటికి కిటికీ కింద నుంచి ఆకు పళ్లెం అందించింది, వేడి వేడి పప్పన్నం, మీద ఇంత తొక్కు. "తిను అక్కా. తెలంగాణ బువ్వ. ఒద్దనొద్దు." ముత్తమ్మ పుచ్చుకుంది. పొద్దున్నించి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఒక ముద్ద పెట్టుకుని ఆపుదామనుకుంది, ఆపలేకపోయింది. పప్పు కమ్మగా ఉంది, పొగ వాసన పట్టిన అన్నం మరీ రుచిగా ఉంది, వేళ్లు కాలుతున్నా గబగబా తింది, ఆకు తుడిచి తింది. అక్కడ ఒకడు ఊపిరి కోసం కొట్టుకుంటుంటే ఇక్కడ నాకు తొక్కు రుచి తెలుస్తోంది, అనుకుంది. భయం వేయాల్సింది. తృప్తిగా ఉంది. క్షమాపణ దొరక్కుండా పోతాడు. ఎక్కడికి పోవాలో అక్కడికే పోతాడు. ఆమె అన్న మాటేం లేదు, చేసిన పనేం లేదు, ఊరికే బస్సులో కూర్చుంది, అంతే. గేటు దగ్గర ఎవరూ ఉండరు. తను వెళ్తుంది. ఎన్నేళ్లకైనా తనే వెళ్తుంది మొదట. పిల్ల చూస్తుంది. దగ్గరికొస్తుంది, వచ్చి, మొహంలోకి చూసి, తర్వాత తన వెనక్కి చూస్తుంది. తొంగి తొంగి చూస్తుంది.

నాయిన ఏడే అమ్మా?

ముత్తమ్మ చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. అడుగుతుంది. అది అడగకుండా ఉండదు, దానికి ఏదైనా పట్టుకుందంటే వదిలే గుణం లేదు. ఇయ్యాల రాడే. రేపొస్తడా? రాడే. ఎందుకు రాడు? అక్కడ రోజులూ రాత్రులూ లేవట, చివర అన్నది లేదట, చివర లేనంతసేపూ పిల్ల ఆ గేటు పట్టుకుని ఆటో చప్పుడు కోసం చెవి రిక్కించుకుని నిలబడి ఉంటుంది, తను వెనక నిలబడి, నేను ఆపినానే బిడ్డా, నేనే రాకుండ చేసిన, అని చెప్పలేక, దగ్గీ దగ్గీ. వస్తే పిల్ల ఆయనది. రాకపోయినా ఆయనదే. ఇంత చేసి, ఇన్నేళ్లు ఊడ్చి, తనకు మిగిలేది ఇదా? ఎంత తెలివైనవాడు ఈ దేవుడు, ఎటు పోయినా వాణ్ణి క్షమించక తప్పకుండా దారి కట్టేశాడు. ఆమె లేచింది. జాలి పుట్టి లేవలేదు, ఆ విషయంలో ఆమె ఎవరి దగ్గరా అబద్ధం చెప్పలేదు తర్వాత కూడా. పిల్ల మొహం చూడలేక లేచింది. ఆకు పారేసి, చెయ్యి కడుక్కోకుండానే దిగి, పొయ్యిల పక్కనించి, బతుకమ్మలాడినట్టు చప్పట్లు కొడుతూ తిరుగుతున్న ఆడవాళ్ల నడుమ నుంచి, ఆగి ఉన్న బస్సుల సందుల్లోంచి, మూసారంబాగ్ దాటి పరుగులాంటి నడక నడిచింది. గులాబీ కండువా ఆవిడ వెనక నుంచి అక్కా అక్కా అని పిలిచింది, బండి మీద దింపుతం ఆగు అని. ముత్తమ్మకు ఆగే మొహం లేదు.

దవాఖాన వరండాలో గచ్చు మీద ఒక మనిషి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అడగకుండానే తెలిసింది నాగేశ్వరి అని. ఇన్నేళ్లుగా ముత్తమ్మ తిట్టుకున్న నాగేశ్వరి ఎత్తుగా, తెల్లగా, పెద్ద కొప్పుతో ఉండేది. ఈమె పిడికెడు మనిషి, వెంట్రుకలు ఊడి మాడు కనిపిస్తోంది, కాళ్లకు చెప్పులు కూడా లేవు. ముత్తమ్మను చూసి లేవబోయి, లేవలేక, మళ్లీ కూలబడింది.

"పోయిండక్కా. జరసేపు అయింది. రెండుసార్లు ఫోన్ కొట్టిన, నువ్వెత్తలె. తొవ్వల లొల్లిల ఇరుక్కున్నవేమో అనుకున్న."

"ఇరుక్కున్న," అంది ముత్తమ్మ.

"తలుపు దిక్కే సూసిండు ఆఖరుదాంక. ప్రార్థన ఎట్ల చెయ్యాల్నో నాకు రాదాయె, ఆయనకు రాదాయె. నీ దేవుణ్ని ఏమని పిలువాల్నో గూడ తెల్వదు. ముత్తమ్మ దేవుడా, ముత్తమ్మ దేవుడా, జర సూడు అనుకుంటనే పోయిండు."

అయితే అడిగాడన్నమాట. పేరు తెలియకపోయినా అడిగాడు, తన పేరే పెట్టి అడిగాడు, నూనె లేకుండా, తను లేకుండా. విన్నాడా ఆయన? వినే ఉంటాడు. వినకుండా ఉండడం ఆయనకు చేతనవదు కదా. ఆ గేటు దగ్గర ఈపాటికే చప్పుడు అయి ఉంటుంది. తను పప్పన్నం ఆకు తుడిచి తిన్నదీ, ఒకావిడ కళ్లలోకి చూసి కాదు అన్నదీ, ఇదంతా దేన్ని ఆపిందని?

నాగేశ్వరి ఇంకా ఏదో చెబుతోంది. "నీకొక ముచ్చట చెప్పాలె, గందుకే పిలువమన్నడు. ప్రార్థన ఒకటి, గా ముచ్చటొకటి. పాప ముచ్చటంట."

"ఏం పాప?"

"మీ పాప. బండి పడ్డంక పాప మాట్లాడిందంట. మస్తుసేపు మాట్లాడిందంట ఆయన ఒళ్లె పండుకొని."

"అక్కడికక్కడే పోయిందన్నరు," అంది ముత్తమ్మ. "పోలీసులు గట్లనే రాసిన్రు."

"లేదంటక్కా. పాణం పోయిందాంక ఉన్నడంట. పోయినంకనే ఉరికిండంట. నీ గురించేదో అన్నదంట పాప. నీకు చెప్పమన్నదంట. నీ ముందటికి రానీకి మొకం లేక ఇన్నేండ్లు..." నాగేశ్వరి కళ్లు తుడుచుకుంది. "ఏమన్నదయ్యా అని నేనెన్నిసార్లు అడిగిన్నో. నాకు చెప్పలె. గది ముత్తమ్మది, ముత్తమ్మకే చెప్తా, అనెటోడు. పొద్దున గూడ అడిగిన, నాకన్న చెప్పు, ఆమె రాకుంటె ఎట్ల అని. ఒస్తది అన్నడు."

ముత్తమ్మ లోపలికి వెళ్లింది. చివరి మంచం, మీద దుప్పటి. ఎవరూ ఆపలేదు, లాగి చూసింది. పచ్చబారిపోయిన మొహం, గడ్డం, పెళ్లినాటిది ఏమీ మిగల్లేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, పెదాలు ఎండి చీలి ఉన్నాయి. ఆ నోటి వంకే చూసింది చాలాసేపు. ఆమెకు తెలుసు తనేం చేస్తున్నదో, అయినా వంగింది, చెవి ఆ నోటి దగ్గరికి పోనిచ్చింది. మందు వాసన. పక్క మంచం మీది ముసలామె అయ్యో తల్లీ, ఎంత పేమనే అంది. ప్రేమా? ముత్తమ్మకు ఆయన రెండు చెంపలూ వాయించాలనిపించింది, చెప్పు, చెప్పిపోరా అని. ఆ మాట ఆయనతో పాటు వెళ్లిపోయింది, పిల్ల దగ్గరికే వెళ్లింది, వాళ్లిద్దరూ అక్కడ చెప్పుకుంటారు. చెప్పినవా నాయినా? చెప్పనీకి పోయిన బిడ్డా, మీ అమ్మ రాలేదు.

బయటికొచ్చేసరికి కాగితాలు పట్టుకుని ఒక నర్సు నిలబడి ఉంది. "చివరి మంచం మనిషికి భార్య ఎవరమ్మా?" నాగేశ్వరి తల దించుకుంది. "గీమెనే," అంది ముత్తమ్మ. నాగేశ్వరి వేలిముద్ర వేసింది. నర్సు వెళ్లిపోయాక ఇద్దరే మిగిలారు. నాగేశ్వరి ఆమె కొంగు పట్టుకుంది, పట్టుకోవచ్చో లేదోనన్నట్టు ఒక కొస మాత్రమే.

"అక్కా, నీ దేవుడు మాఫ్ చేస్తడా ఆయన్ని? మంచిగ పిలువనీకి గూడ రాదాయె."

ముత్తమ్మ గచ్చు మీద ఆమె పక్కన కూర్చుంది. ఆ ప్రశ్న తన కోసమూ అడగాల్సిందేనని, ఇవాళే, ఇక్కడే, ఆ తాగుబోతు నిలబడ్డ చోటే నిలబడి తనూ అడగాల్సిందేనని, అడిగితే మాఫీ ఇచ్చేస్తాడని తెలుసు ఆమెకు. అడగాలని లేదు. పళ్లు బిగబట్టుకుంది.

"చేస్తడు," అంది. "ఎవ్వరడిగినా చేస్తడు. గదే గా దేవునితోని నాకున్న లొల్లి."

నాగేశ్వరికి మొదటి మాటే వినబడింది. అది చాలన్నట్టు వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది.